పదహారు నిమిషాల పాట

మంగళవారం పొద్దున తొమ్మిది కాకముందే బురుల్ సాతికులోవా ఆఫీసు తలుపును ఎవరో వేలి కణుపులతో కొట్టారు. గుమ్మానికి గంట ఉండగా తలుపు కొట్టేవాళ్ళు రెండు రకాలని ఆమె అంటూ ఉంటుంది. కంగారులో గంట కనబడనివాళ్ళు ఒకరు, గంట మోగితే పక్కవాళ్ళు తొంగిచూస్తారని జంకేవాళ్ళు ఇంకొకరు. ఆ వేళ వచ్చిన మనిషి రెండు రకాలకూ చెందినవాడు.

డెబ్బై ఏళ్ళ ముసలాయన. కోటు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. పేరు ఇషెన్, బిష్కెక్‌లోని ఒక రష్యన్ బడిలో ముప్ఫై ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పిన మాస్టారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా అమ్మాయిని శనివారం సాయంత్రం పట్టుకుపోయారమ్మా. అల్లుణ్ణి చంపిందట. చంపి, కారులో పాట పాడుకుంటూ ఇంటికొచ్చిందట. ఆ మాట చెప్పింది మనిషి కాదు, కారు!"

బురుల్ కేటిల్‌లోంచి టీ వంచి ఆయన చేతిలో పెట్టింది. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. పోలీసు దర్యాప్తులో ఇరవై రెండేళ్ళు పనిచేసి బయటికొచ్చి, ఓష్ బజారు పక్కన చెప్పులు కుట్టే దుకాణం మీద ఈ గది తీసుకుంది. మూల బల్ల దగ్గరున్న ఎల్దియార్ నలభై దాటినవాడు, ఒకప్పుడు కార్లకు వైరింగు చేసే మెకానిక్. చెయ్యని దొంగతనం నెత్తిన పడి జైలు గుమ్మం దాకా వెళితే, బురుల్ వెనక్కి లాక్కొచ్చింది. అప్పటినుంచి ఆమె మాటే అతనికి వేదం.

"మీ అల్లుడి పేరు?" అంది బురుల్.

"సుయున్‌బెక్."

ఎల్దియార్ చటుక్కున తలెత్తాడు. "కంబర్‌కి మన భాష నేర్పిన సుయున్‌బెకా?"

"ఆయనే," అంటూ మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. "తను మాటలు నేర్పిన గొంతే తన పెళ్ళాన్ని ఉరికంబం ఎక్కిస్తోంది."

కంబర్ గురించి ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. రెండేళ్ళుగా చైనానుంచి వస్తున్న ఎలక్ట్రిక్ కార్లలో ముందు అద్దం కిందనుంచి పలికే గొంతు అది. దారి చెప్పడంతో సరిపెట్టదు, నడిపేవాళ్ళ గొంతు విని వాళ్ళ మనసెలా ఉందో పోల్చుకుంటుంది. కోపంగా ఉంటే లోపలి దీపాలు తగ్గించి మెల్లగా మాట్లాడుతుంది, నిద్రమత్తుంటే మొహాన చల్లగాలి కొడుతుంది, సంతోషంగా ఉంటే 'పాట పెట్టనా?' అంటుంది. గుర్రాలను కాపాడే దేవుడి పేరు దానికి పెట్టింది సుయున్‌బెకే.

"మీ అమ్మాయి ఏమంటోంది?"

"శనివారం తను కారే తియ్యలేదంటోంది. దాని మాట ఎవరు వింటారమ్మా?"

"నేను వింటాను," అంది బురుల్. "ముందు ఆ టీ తాగండి మాస్టారూ, చల్లారిపోతోంది."

*

మేజర్ బోలోత్ ఒకప్పుడు బురుల్ చేతికింద పనిచేసినవాడు. ఆమె గదిలోకి రాగానే లేచి నిలబడ్డాడు గాని, మొహంలో విసుగు దాచుకోలేదు.

"ఎజే, మీరంటే నాకు గౌరవం. కానీ దీంట్లో తవ్వడానికేం లేదు. వినండి." ఎజే అంటే వాళ్ళ భాషలో అక్క. "అలా-ఆర్చా లోయలో వాళ్ళకో వేసవి ఇల్లుంది. శనివారం అయిదింటికి అక్కడి కాపలావాడు కట్టెలపాకలో శవాన్ని చూశాడు. గొడ్డలి మొద్దువైపుతో తలవెనక ఒకే దెబ్బ. పన్నెండుకీ రెండున్నరకీ మధ్య పోయాడని డాక్టరు రాశాడు. కారు రెండింటికి అక్కడికెళ్ళింది, రెండూ ఇరవయ్యారుకి బయల్దేరింది. కారు తెరవడానికి వాడిన తాళం కార్డు కుందుజ్‌ది. గురువారం మొగుడూ పెళ్ళాలు అరుచుకుంటే అంతస్తంతా విన్నారు. చాలదూ?"

"శవం ఎలా పడి ఉంది?"

"వెల్లకిలా. కాళ్ళూ చేతులూ తిన్నగా ఉన్నాయి. కళ్ళు మూసున్నాయి."

"తలవెనక దెబ్బ తిన్నవాడు వెల్లకిలా పడి, కాళ్ళూ చేతులూ సర్దుకుని, కళ్ళు తనే మూసుకున్నాడా?"

మేజర్ భుజాలెగరేశాడు. "చంపాక పశ్చాత్తాపం వచ్చుంటుంది."

"అయిదు నిమిషాల్లో పోయి, పాటొచ్చిందా?"

మేజర్ ఒక కాగితం ముందుకు తోశాడు. కారు తనంతట తాను రాసుకున్న చిట్టా అది. ఎల్దియార్ బురుల్ భుజం మీదుగా వంగి చదివాడు.

1.22. కార్డు: కుందుజ్. ఒక్కరే. డ్రైవరు సీటు ముందుకు జరిపారు.
1.22 నుంచి 2.01. మాటలు లేవు.
2.01. ఆగింది. లోయ ఇల్లు.
2.26. బయలుదేరింది.
2.31 నుంచి 2.47. దారి పక్కన ఆగి ఉంది. పాట. సంతోషం. ★
2.33. కంబర్: "కాసేపు ఇక్కడే ఆగుదామా?" జవాబు లేదు.
3.25. ఆగింది. ఇల్లు.

"ఆ పాట వినొచ్చా?"

"గొంతు ఉంచరట. చెరిపేస్తారట. ఈ మాటలే మిగుల్తాయి."

"ఎవరి గొంతో కారుకి తెలుస్తుందా?"

ఎల్దియార్ అందుకున్నాడు. "తెలీదు ఎజే. కార్డు ఎవరిదైతే వాళ్ళే నడిపినట్టు రాసుకుంటుంది. దానికి గొంతులో ఏడుపుందా, నవ్వుందా, అంతే కావాలి."

"ఈ నక్షత్రం ఏమిటి?"

ఎల్దియార్ తల గోక్కున్నాడు. మేజర్ పెదవి విరిచాడు. "కంప్యూటర్ వాళ్ళ పిచ్చిగీతలు ఎజే. వాటికి అర్థాలు వెతుకుతూ కూర్చుంటే నాకు పెన్షన్ వచ్చేస్తుంది."

*

నిర్బంధ గదిలోకి వచ్చేటప్పుడు కుందుజ్ గుమ్మం తగలకుండా తల వంచింది. అంత పొడగరి. మూడు రోజులుగా తల దువ్వుకున్నట్టు లేదు.

"శనివారం మధ్యాహ్నం ఎక్కడున్నావమ్మా?"

"బొటానికల్ గార్డెన్‌లో తిరిగాను. ఒంటరిగానే. గురువారం గొడవయ్యాక ఇంట్లో ఊపిరాడలేదు. ఎవర్నీ కలవలేదు, ఎక్కడా ఏమీ కొనలేదు. నేనేం చెప్పినా అబద్ధంలాగే ఉంది కదూ?"

"కార్డు?"

"గుమ్మం పక్క కొక్కేనికి వేలాడుతుంటుంది. నడిచి వెళ్ళేదాన్ని, నాకెందుకు?"

"గొడవ దేనికి?"

కుందుజ్ కాసేపు చేతులు చూసుకుంది. "కంబర్‌కి మాటలు నేర్పే తన ఆఫీసు మూసేస్తానన్నాడు. 'మనుషులు కారులో ఒంటరిగా ఉన్నామనుకుని ఏడుస్తారు కుందుజ్. మా ఆఫీసులో ఒకడు ఆ ఏడుపులు ఇంటికి పట్టుకుపోతున్నాడు. ఒక టీచరమ్మ ఏడుపు ఆవిడ ఫోనుకే పంపి బెదిరించాడు' అన్నాడు. ఆ ఒక్కణ్ణి వెళ్ళగొడితే పోయేదానికి అందరి పొట్టా ఎందుకు కొడతావని నేను అరిచాను. 'వాణ్ణి వెళ్ళగొట్టడం అంత సులువు కాదు. శనివారం మాట్లాడతా' అన్నాడు. పేరు చెప్పలేదు."

బురుల్ ఆ మాట చీటీమీద రాసుకుంది. తర్వాత పొంతన లేనట్టున్న ప్రశ్న వేసింది.

"మీ ఇంట్లో ఎవరైనా పోతే శోకం ఎత్తుకునేది ఎవరు?"

"మా అత్తగారు. ఆవిడ కొషోక్, అదే శోకపాట, పాడితే మగాళ్ళు కూడా నిలబడలేరు. నాకు రాదు. మేం ఇంట్లో రష్యన్ మాట్లాడుకునేవాళ్ళం. మావగారు పోయినప్పుడు మూల కూర్చుని ఊరికే ఏడుస్తుంటే, 'పట్నం కోడలికి ఏడవడమూ రాదు' అని ముసలాళ్ళు నవ్వారు." ఆమె తలెత్తి చూసింది. "సుయున్‌ని ఇంటికి తెచ్చారా?"

"రేపు పదింటికి."

*

సుయున్‌బెక్ వాళ్ళ ఫ్లాటు నాలుగో అంతస్తు. కింద వాకిట్లో రేపటి కోసం మగవాళ్ళు తెల్ల ఉన్ని గుడారం నిలబెడుతున్నారు. తలుపు తీసిన సైరాకాన్ అరవయ్యారేళ్ళ పొట్టి మనిషి. చేతులు మోచేతుల దాకా పిండి. రేపు వచ్చేవాళ్ళకు పెట్టడానికి పిండి ముద్దలు వేయిస్తోంది. గోడమీద పాత ఫోటోలో ఆవిడే ట్రాలీబస్సు ముందు టోపీ పెట్టుకుని, ఛాతీమీద పతకంతో నవ్వుతోంది.

"ఎన్నేళ్ళు నడిపారు ఎజే?" అంది బురుల్.

"ఇరవై ఏడు." అది గొంతు కాదు, చినిగిన గుడ్డ. "జలుబు చేసింది. ఏమీ అనుకోకు."

"ఏడ్చి ఏడ్చి పోయిందనుకున్నా."

"బిడ్డ ఇంటికి రాకుండా ఏడుపెలా ఎత్తుకుంటాను? రేపు ఏడుస్తాను."

"శనివారం మధ్యాహ్నం?"

"ఇంట్లోనే ఉన్నా. కోడలు ఎక్కడికెళ్ళిందో నాకు తెలీదు. వెళ్ళేటప్పుడు చెప్పలేదు." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ పిండివైపు చూసింది.

చిన్నకొడుకు తిలెక్ లోపలిగదిలోంచి వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి, నున్నగా గీసిన గడ్డం, ఎర్రబడిన కళ్ళు. అన్న ఆఫీసులోనే పని.

"ఏమడగాలన్నా నన్నడగండి. అపాని వదిలెయ్యండి," అన్నాడు తల్లిని చూపిస్తూ.

"సరే నిన్నే అడుగుతా. శనివారం ఎక్కడున్నావు?"

"ఆఫీసులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవులకి హెడ్‌ఫోన్లే. భోజనానికి కూడా లేవలేదు. సెలవురోజు, నేనొక్కణ్ణే."

"వినడం అంటే ఏం వింటావు?"

"మనుషుల గొంతులు. ఇది కోపం, ఇది దిగులు అని గుర్తులు పెడతాం. అలా యంత్రానికి నేర్పుతాం. మేం ఏడుగురం ఉన్నాం."

"మీ వదిన పాడిన పాట నువ్వు విన్నావా?"

"లేదు." జవాబు వెంటనే వచ్చింది. "అది యంత్రం సొంతంగా తేల్చింది. దాంట్లో మనిషి చెయ్యి పడలేదు. మా అన్న పోతే ఆవిడ పాట పాడిందంటే... నేనింక మాట్లాడలేను."

సైరాకాన్ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నూనెలో ముద్దలు మాడుతున్న వాసన వచ్చింది, ఆవిడ మాత్రం పొయ్యి దగ్గర కదలకుండా నిలబడి ఉంది.

*

లోయదారిలో, కారు ఆగిందన్న చోటుకు ఎదురుగా ఒకావిడ బకెట్లలో ఆపిల్‌పళ్ళు పెట్టుకుని అమ్ముతోంది. ఎల్దియార్ ఒక బకెట్టు కొన్నాక ఆవిడ నోరు విప్పింది.

"చూడకేం, తెల్లకారు. అదిగో ఆ కొండరాయివైపు తిప్పి ఆపారు. వెనక అద్దం నలుపు, మొహం కనపడలే. మోచేతులు మాత్రం ఇట్లా రెండుపక్కలా పొడుచుకొచ్చినయి." ఆవిడ రెండు చేతులూ నడుం మీద ఆనించుకుని అటూ ఇటూ ఊగి చూపించింది. "తాగి పాడుతోందనుకున్నా. పోలీసాయనకీ చెప్పా. నవ్వి పొయ్యాడు."

బురుల్ నవ్వలేదు. ఆవిడ ఊగడం ఆపేదాకా చూసి, "ఎల్దియార్, నాకు అలాంటి కారే ఒకటి కావాలి. ఇప్పుడే," అంది.

అరగంటలో ఎల్దియార్ తన స్నేహితుడి టాక్సీ తెచ్చాడు. స్నేహితుణ్ణి ఆపిల్‌పళ్ళావిడ దగ్గర కూర్చోబెట్టి, బురుల్ డ్రైవరు సీట్లో కూర్చుంది. ఎల్దియార్ పక్కన. అద్దాలన్నీ ఎత్తేసింది. కారును రాయివైపు తిప్పి ఆపింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది.

ఎనిమిదేళ్ళుగా ఆమెతో ఉన్నాడు ఎల్దియార్. ఆమె కంట తడి ఎన్నడూ చూడలేదు. పదకొండేళ్ళ కిందట పోయిన భర్త గురించి ఆమె నోట ఒక్క మాటా వినలేదు. అలాంటి మనిషి కళ్ళు మూసుకుని, పైనుంచి కిందికి జారే గొంతుతో ఎత్తుకుంది:

"వాకిట జీను దించనైనా లేదు, ఎటు వెళ్ళావు నా నీడా...
పొయ్యిమీది టీ చల్లారలేదు, ఎవరు పిలిచారు నా తోడా..."

ఎల్దియార్‌కు ఎటు చూడాలో తోచలేదు. కాళ్ళ దగ్గరున్న బకెట్టు వంక చూస్తూ కూర్చున్నాడు. రెండు నిమిషాలు గడిచాక ముందు అద్దం కిందనుంచి మెత్తని గొంతు పలికింది.

"కాసేపు ఇక్కడే ఆగుదామా?"

బురుల్ ఠక్కున ఆగిపోయింది. చేతిరుమాలుతో మొహం తుడుచుకుని, మామూలు గొంతుతో అంది: "తెరమీద ఏం రాసిందో చదువు."

"'తెలియలేదు. ఆఫీసుకు పంపడమైనది.' అంతే ఎజే. సంతోషమని రాయలేదు. దిగులనీ రాయలేదు."

"నక్షత్రం?"

"లేదు." అతను తెరను కిందికీ పైకీ జరిపాడు. టాక్సీలో రెండు నెలలుగా రాసుకున్నవన్నీ ఉన్నాయి. మూడు చోట్ల నక్షత్రాలున్నాయి. ఒకదానిమీద వేలు పెట్టగానే చిన్న గడి తెరుచుకుంది. అది చదివి ఎల్దియార్ నోరు తెరిచాడు. వేలితో చూపించాడు.

బురుల్ చదివి తల పంకించింది. "బోలోత్‌కి ఫోన్ చెయ్యి. శనివారం ఆ ఆఫీసులో ఎవరెవరు ఏయే గంటకు ఏం గుర్తులు పెట్టారో జాబితా తెప్పించమను. కుందుజ్ కారు చిట్టాలో ఆ నక్షత్రం గడి కూడా తెరిపించమను. రేపు తొమ్మిదింటికి వాళ్ళింటికి తెమ్మను. ఆ అమ్మాయిని కూడా."

*

బుధవారం తొమ్మిదింటికి ఆ ఫ్లాటు ముందుగదిలో ఏడుగురున్నారు. నేలమీది పరుపుపై సైరాకాన్, పక్కనే తిలెక్. ఎదురుగా ఇషెన్ మాస్టారు, ఆయన చెయ్యి పట్టుకుని కుందుజ్. మేజర్ బోలోత్ కవరు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. తలుపుకు ఆనుకుని ఎల్దియార్. కిందనుంచి కట్టెలు కొడుతున్న చప్పుడు వస్తోంది.

"గంటలో సుయున్‌బెక్ ఇంటికొస్తాడు," అంది బురుల్. "అతను వచ్చేసరికి ఈ ఇంట్లో అబద్ధం ఉండకూడదు. ముందు కుందుజ్ సంగతి తేలుద్దాం. కార్డు పెట్టగానే ఆ కారు సీటు కుందుజ్ కాళ్ళకు సరిపడా వెనక్కి జరుగుతుంది. శనివారం నడిపినవాళ్ళు దాన్ని మళ్ళీ ముందుకు లాక్కున్నారు. ఇంత పొడుగు మనిషి ముందుకు జరిగితే మోకాళ్ళు పట్టవు. కారు నడిపింది పొట్టివాళ్ళు."

మేజర్ జేబులోంచి చిట్టా తీసి మళ్ళీ చూసుకున్నాడు.

"చనిపోయినవాడి కళ్ళు ఎవరో మూశారు. కాళ్ళూ చేతులూ సర్దారు. అయిదు నిమిషాలకు దారి పక్కన ఆగి, రాయివైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని పదహారు నిమిషాలు గొంతెత్తారు. అలా కూర్చుని పాడే పాట మనకి ఒకటే ఉంది. ఈ గదిలో ఉన్న మగవాళ్ళకు కూడా తెలుసది."

"శోకం," అన్నాడు ఇషెన్ మాస్టారు మెల్లగా.

"శోకం. కుందుజ్‌కి అది రాదు. వచ్చినవాళ్ళ గొంతు నాలుగు రోజుల తర్వాత కూడా బాగుపడలేదు." బురుల్ గొంతు తగ్గించింది. "సైరాకాన్ ఎజే, ఆ లోయదారిలో మీ కారు ఎవరికీ వినపడని గది. అందుకే అక్కడ ఆగారు. ఇంటికొస్తే ఏడవకూడదు. ఇంకా ఎవరికీ తెలియని చావుకి ఏడిస్తే, మీకెలా తెలిసిందని అడుగుతారు."

తిలెక్ లేచి నిలబడ్డాడు.

"మతిపోయిందా మీకు? కొడుకు పోయిన తల్లిని పట్టుకుని..."

"కూర్చో. మీ అమ్మ చంపిందని నేననలేదు. ఒంటిగంట దాకా ఆవిడ ఇంట్లోనే ఉంది. ఎవరో ఫోన్ చేస్తే పరిగెత్తింది. ఎవరి మీద అంత ప్రేమ ఉంటే ఒక బిడ్డ శవం పక్కనుంచి లేచి, కోడలు జైలుకెళ్తున్నా నోరు మూసుకుంటుంది?"

"ఊహలు!" అన్నాడు తిలెక్. "ఆ కారే రాసింది, సంతోషమని. అది యంత్రం. దానికి మీమీద కోపం లేదు, మా వదిన మీద కోపం లేదు."

"ఆ మాటకే వస్తున్నా." బురుల్ మేజర్ వైపు తిరిగింది. "నిన్న నేను అలాంటి కారులో, అదే చోట శోకం ఎత్తుకున్నా. 'కాసేపు ఆగుదామా' అంది. శనివారం కూడా అదే మాట అంది. సంతోషమని తోచి ఉంటే పాట పెట్టనా అని అడిగేది. నా ఏడుపు దానికి అర్థం కాలేదు. అర్థం కానివాటిని అది ఆఫీసుకు పంపుతుంది. అక్కడ మనిషి విని పేరు పెడతాడు. మనిషి పేరు పెట్టిందానికి పక్కన నక్షత్రం పడుతుంది, గొంతు చెరిగిపోతుంది. బోలోత్, ఆ నక్షత్రం గడిలో ఏముంది?"

మేజర్ కవరు చించాడు. అతని కనుబొమ్మలు ముడిపడ్డాయి. "'మనిషి సరిచూసినది. శనివారం, మూడూ యాభై. విన్నవారు: తిలెక్.'"

"జాబితా కూడా చదువు."

"పొద్దున తొమ్మిదినుంచి పదకొండూ నలభై దాకా తిలెక్ వరసగా గుర్తులు పెట్టాడు. తర్వాత నాలుగు గంటలు ఏమీ లేదు. మళ్ళీ మొదటిది మూడూ యాభైకి. ఆ పాటే."

కుందుజ్ తండ్రి చెయ్యి వదిలేసింది.

"భోజనానికి కూడా లేవలేదన్నావు," అంది బురుల్. "ఆ పాట విననేలేదన్నావు. మీ అన్న ఫోన్లో నంబరు చూసి, నిన్న రాత్రి ఎల్దియార్ ఆ టీచరమ్మను కలిశాడు. తన ఏడుపు తన ఫోనుకే పంపింది నువ్వేనని మీ అన్నకి చెప్పానంది. తమ్ముడు కాబట్టే నిన్ను వెళ్ళగొట్టడం అతనికి సులువు కాలేదు. లోయ ఇంటికి పిలిచాడు. నువ్వే పోలీసులకి చెప్పుకో అని ఉంటాడు."

"సోమవారం దాకా టైమిచ్చాడు," అన్నాడు తిలెక్. అతని గొంతులో ఇప్పుడు ఏమీ లేదు. "టైమిచ్చి, అటు తిరిగి కట్టెలు ఏరుకుంటున్నాడు. అంతే. అంతే జరిగింది."

సైరాకాన్ మొదటిసారి తల తిప్పి కొడుకును చూసింది.

"యంత్రం తప్పు విందన్నావు," అంది ఆ చినిగిన గొంతుతో. "తెలివితక్కువ యంత్రం, శోకాన్ని పాటనుకుందన్నావు."

"అపా..."

"నేను మీ అన్నకి ఏడ్చింది నువ్వు విన్నావా? మొత్తం విన్నావా?"

తిలెక్ తల దించుకున్నాడు.

"విని, సంతోషమని రాశావా?"

ఆవిడ కొట్టలేదు, అరవలేదు. పరుపుమీద అతనికి దూరంగా, చేతులమీద ఆనుకుంటూ జరిగింది. గోడ తగిలేదాకా జరుగుతూనే ఉంది. తర్వాత మేజర్‌వైపు తిరిగింది.

"రాసుకో నాయనా. ఒంటిగంటా పదిహేనుకి వీడు ఫోన్ చేశాడు. అన్న పడిపోయాడన్నాడు. నేను వెళ్ళేసరికి నా బిడ్డ చల్లబడ్డాడు. కళ్ళు మూశాను. వీణ్ణి, ఇద్దరూ కలిసి వెళ్ళిన వీడి పాతకారులో పంపేశాను. ఒకడు పోయాడు, ఉన్నొక్కణ్ణీ ఎలా ఇవ్వను అనుకున్నా. కుందుజ్‌ని పట్టుకెళ్తారని నేననుకోలేదు. పట్టుకెళ్ళాక... పట్టుకెళ్ళాక కూడా నోరు తెరవలేదు. అదీ రాసుకో."

మేజర్ బోలోత్ టోపీ తీసి కిటికీ గట్టుమీద పెట్టి, రాయడం మొదలుపెట్టాడు.

*

తిలెక్‌ను వెనకమెట్లవైపు దించుతుండగానే అన్న శవాన్ని తెచ్చిన బండి వాకిట్లోకి వచ్చింది. మగవాళ్ళు గుడారం బయట వరసగా నిలబడి, కర్రలమీద వంగి గట్టిగా ఏడుపు ఎత్తుకున్నారు. శవాన్ని పూడ్చిపెట్టేదాకా సైరాకాన్‌ను ఉండనివ్వాలా వద్దా అన్నది మేజర్‌కు తోచలేదు. బురుల్‌ను అడిగాడు. బురుల్ కుందుజ్‌ను అడిగింది.

"ఉండనివ్వండి," అంది కుందుజ్. "నా ఎదురుగా మాత్రం కూర్చోవద్దని చెప్పండి."

కుందుజ్ నల్లబట్టలు కట్టుకుని లోపల భర్త తల దగ్గర కూర్చుంది. సైరాకాన్ లోపలికి రాలేదు. గుడారం బయట, ఉన్నిగోడకు మొహం పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. గొంతు లేదు. ఉన్నంతలోనే ఎత్తుకుంది. వాకిట్లో కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. టీ పోస్తున్న ఆడవాళ్ళు పోయడం ఆపారు.

లోపల కుందుజ్ చాలాసేపు వింది. పక్కన కూర్చున్న ముసలావిడ మొహం దాచుకోవడం చూసి, వంగి అడిగింది.

"ఏమంటోంది ఆవిడ? కొన్ని మాటలు నాకు అందడం లేదు."

ముసలావిడ తటపటాయించింది. "వద్దులే తల్లీ."

"చెప్పండి."

"'నీ కుందుజ్‌ని నా చేత్తో గోతిలో తోశాను సుయున్, లేచి నన్నడుగు' అంటోంది. 'ఊరంతా వినండి, నా కోడలు ఏ పాపమూ ఎరగదు' అంటోంది."

ఉన్నిగోడ అవతలి గొంతు తెగి, మళ్ళీ అతుక్కుని సాగుతోంది. కుందుజ్ తన భర్త మొహం మీది తెల్లబట్ట అంచు సరిచేసి, తల వంచుకుని, చివరిదాకా వింది.